నవంబరులో ఓడిన జట్టు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగినప్పుడు చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాను. కానీ వాటి మీద ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. నాకంటే బాగా రాస్తున్నారు. అందుకని ఈసారి మన హాస్టల్ గ్రౌండులో ఎవరూ ఆడని ఆట గురించి రాస్తున్నాను. మన దగ్గర ఉన్నది వాలీబాల్ నెట్టు, సున్నంతో గీసిన కబడ్డీ కోర్టు. బాస్కెట్‌బాల్ స్తంభాన్ని నేను దగ్గరగా చూసింది పి.జి.లో చేరాకే. సాయంత్రం లైబ్రరీ నుంచి వచ్చేటప్పుడు కోర్టు మెట్ల మీద కూర్చుని చూడటం అలవాటైంది. అక్కడి నుంచి అమెరికాలోని చిన్న చిన్న కాలేజీల జట్ల ఫలితాలు వెతికి చదవడం మొదలైంది.

మా రూములో వాళ్లు నవ్వుతారు. "ఎక్కడో అమెరికాలో ఓడిపోయే కాలేజీలతో నీకేం పనిరా?" అంటారు. ఓడిపోయే కాలేజీలు కాబట్టే పని ఉంది అని వాళ్లకు నోటితో సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ వ్యాసం వాళ్లకు కూడా జవాబు.

చిన్న కాలేజీ అంటే...

అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ అనగానే టీవీలో కనిపించే పెద్ద స్టేడియాలు, వేలకొద్దీ జనం గుర్తుకొస్తారు. అది పై మెట్టు. అక్కడి కాలేజీ ఆటల్ని నడిపే ఎన్.సి.ఎ.ఎ. అనే సంస్థ 1973లో కాలేజీలను మూడు డివిజన్లుగా విడదీసింది. మూడో డివిజన్‌లో 400కు పైగా కాలేజీలున్నాయి. వాటిలో ఆట ఆడినందుకు స్కాలర్‌షిప్ ఇవ్వరు. పొద్దున క్లాసు, మధ్యాహ్నం ల్యాబు, సాయంత్రం ప్రాక్టీసు. చూడటానికి వచ్చేది పక్క రూము స్నేహితులు, అమ్మానాన్నలు, ఒకరిద్దరు లెక్చరర్లు, ఆ ఊళ్లోనే స్థిరపడిన పాత విద్యార్థులు.

సీజన్ నవంబరు మొదట్లో ఆరంభమవుతుంది. ఒక్కో జట్టు దాదాపు పాతిక ఆటలు ఆడుతుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో ఎక్కువగా బయటి జట్లతో ఆడతారు. జనవరి, ఫిబ్రవరిలో తమ 'కాన్ఫరెన్స్'లో, అంటే తాము సభ్యులుగా ఉన్న కాలేజీల కూటమిలో ఆడతారు. కాన్ఫరెన్స్ విజేతకు జాతీయ టోర్నమెంటులో చోటు దొరుకుతుంది. అంటే అసలు పరీక్ష జనవరి తర్వాతే. కానీ తీర్పులు మాత్రం డిసెంబరు లోపలే వచ్చేస్తాయి.

ఎనిమిది ఆటల్లో రెండే గెలిచిన జట్టు గురించి అభిమానులు మాట్లాడుకునే మాటలు దాదాపు అన్నిచోట్లా ఒకేలా ఉంటాయి. "పోయినేడు ఆడిన ఫైనలియర్ వాళ్లు వెళ్లిపోయారు, ఈ కొత్త పిల్లలకు ఏమీ తెలియదు" అంటాడొకడు. "ఫ్రీ త్రోలు కూడా వేయలేకపోతే ఎలా?" అంటాడు ఇంకొకడు. "అన్నీ బయటి ఊళ్ల ఆటలే పెట్టుకున్నారు, ఈ షెడ్యూలు తయారు చేసిందెవరు?" అని మూడోవాడు. చివరికి ఎవరో ఒకరు "కోచ్‌ని మార్చాలి" అంటారు. వెంటనే మరొకరు "ఓపిక పట్టండి, జనవరిలో చూడండి" అంటారు. అక్కడ రెండు పార్టీలవుతాయి.

ఈ ఇద్దరిలో ఎవరూ సరైన ప్రశ్న అడగడం లేదని నా అభిప్రాయం. కోపం పార్టీ వాళ్లు పట్టికలోని అంకె చూసి తీర్పు చెబుతున్నారు. ఓపిక పార్టీ వాళ్లు అంకెను చూడకుండానే క్షమించేస్తున్నారు. మొదట్లో ఓడిన జట్టును చూసినప్పుడు అడగాల్సినవి నాలుగున్నాయి. ఎన్ని ఆటలు? ఎవరితో, ఎవరి గ్రౌండులో? అలా ఎందుకు ఆడాల్సి వచ్చింది? ఓడుతున్నా లోపల ఏదైనా మారుతోందా? ఈ నాలుగింటికీ జవాబు తెలియకుండా ఇచ్చే తీర్పు గాలిమాట.

నాణెం చెప్పే లెక్క

నేను చదివేది స్టాటిస్టిక్స్ కాబట్టి మొదటి ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెబుతాను. ఒక రూపాయి నాణెం తీసుకుని ఎనిమిదిసార్లు ఎగరేయండి. బొమ్మ పడితే గెలుపు, బొరుసు పడితే ఓటమి అనుకోండి. నాణెంలో ఏ లోపమూ లేదు, సగానికి సగం అవకాశం ఉంది. అయినా ఎనిమిదిలో బొమ్మ రెండుసార్లో అంతకంటే తక్కువో పడే అవకాశం 256లో 37. అంటే దాదాపు ఏడింటిలో ఒకటి.

ఇప్పుడు 400 జట్లున్నాయనీ, అన్నీ సరిగ్గా సమాన బలం గలవనీ ఊహించుకోండి. అప్పుడు కూడా మొదటి ఎనిమిది ఆటల తర్వాత యాభైకి పైగా జట్లు ఆరు ఓటములతోనో, అంతకంటే ఎక్కువ ఓటములతోనో కనిపిస్తాయి. ఆ యాభై కాలేజీల్లోనూ అభిమానులు కారణాలు వెతుకుతారు. కోచ్ పనికిరాడంటారు, పిల్లలకు బాధ్యత లేదంటారు. నిజానికి అక్కడ వెతకాల్సిన కారణమే లేదు. అలాగని ఓడిన ప్రతి జట్టూ మంచిదేనని కాదు. ఎనిమిది ఆటలు చూసి మంచిదో చెడ్డదో తేల్చి చెప్పలేమని మాత్రమే నేనంటున్నది.

నవంబరు గెలుపు కూడా ఇలాగే మోసం చేస్తుంది. అయోవా రాష్ట్రంలో గ్రిన్నెల్ అనే చిన్న కాలేజీ ఉంది. 2012 నవంబరు 20న ఆ కాలేజీ ఆటగాడు జాక్ టేలర్ ఒక్క ఆటలో 138 పాయింట్లు చేశాడు. 108 సార్లు బంతి వేస్తే 52 సార్లు పడింది. ప్రపంచమంతా వార్త అయింది. కానీ ఎదుటి జట్టు ఇంకా చిన్న బైబిల్ కాలేజీ. స్కోరు 179 - 104. ఆ ఓడిన జట్టులోనూ ఒక కుర్రవాడు 70 పాయింట్లు చేశాడు. వేరే ఏ రోజైనా అతని ఫొటోయే పేపర్లో పడేది. ఆ రోజు పట్టికలో అతని వైపు మిగిలింది ఓటమి. గెలుపైనా ఓటమైనా ఎదుట ఎవరున్నారో చెప్పకుండా చూపిస్తే సగం అబద్ధమే.

ఓడటానికి డబ్బు తీసుకునే ఆటలు

రెండు, మూడు ప్రశ్నలకు జవాబు వెతుకుతుంటే నాకు బాధ కలిగించిన విషయం ఒకటి తెలిసింది. మొదటి డివిజన్‌లోనే పేద కాలేజీలున్నాయి. వాటిలో చాలా భాగం నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన పాత కాలేజీలు. వాటి క్రీడా విభాగాలకు డబ్బు చాలదు. అందుకని నవంబరు, డిసెంబరు నెలల్లో పెద్ద యూనివర్సిటీల ఊళ్లకు వెళ్లి, వాళ్ల కోర్టులో, వాళ్ల జనం ముందు ఆడతారు. అందుకు పెద్ద యూనివర్సిటీ డబ్బిస్తుంది. ఒక్కో ఆటకు పదుల వేల డాలర్లు, ఒక్కోసారి లక్ష డాలర్లకు దగ్గరగా ఇస్తుంది. పెద్ద జట్టుకు సొంత ఊళ్లో సులువైన గెలుపు, చిన్న జట్టుకు ఏడాది ఖర్చుకు ఆసరా. ఓడిపోవాలని ఎవరూ కాగితం మీద రాసుకోరు. కానీ ఎవరు ఓడతారో ఇద్దరికీ తెలుసు.

ఇలా రెండు నెలలు బస్సుల్లో, విమానాల్లో తిరిగి ఆడిన పిల్లలు డిసెంబరు చివరికి పట్టికలో అట్టడుగున కనిపిస్తారు. ఆ అంకె చూసి బయటివాళ్లు నవ్వుతారు. కానీ ఆ ఓటముల డబ్బుతోనే ఆ కాలేజీలో మిగతా ఆటల ఖర్చులు కూడా కొంత గట్టెక్కుతాయి. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టడానికి ఒకడు కూలికి పోతే, వాడి చేతులు నల్లబడ్డాయని వెక్కిరించినట్టు ఉంటుంది ఆ నవ్వు.

టెక్సాస్‌లోని ప్రైరీ వ్యూ కాలేజీ సంగతి చూడండి. 1876లో నల్లజాతి పిల్లల చదువు కోసం ఏర్పడింది. ఒకప్పుడు బానిసలతో సాగు చేయించిన తోట భూమిలో కట్టిన కాలేజీ అది. విద్యార్థుల సంఖ్యలో చిన్నది కాదు గానీ, క్రీడల డబ్బు విషయంలో చిన్నదే. 2018-19 సీజన్‌లో ఆ జట్టు మొదటి 12 ఆటల్లో 11 ఓడింది. డిసెంబరులో ఎవరైనా ఆ జట్టును మెచ్చుకుంటే పిచ్చివాడనేవాళ్లు. ఆ తర్వాత ఆడిన 22 ఆటల్లో 21 గెలిచింది. కాన్ఫరెన్స్‌లో 18 ఆటలకు 17 గెలిచి, టోర్నమెంటు కూడా గెలిచి, జాతీయ పోటీలో అడుగుపెట్టింది. అక్కడ తొలి ఆటలోనే ఓడింది. అది కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది సినిమా కథ కాదు.

ఆ పిల్లలు డిసెంబరులో ఒక జట్టు, జనవరిలో ఇంకో జట్టు కాదు. అదే కోచ్, అదే ఆటగాళ్లు. తమతో సమానమైన వనరులున్న వాళ్లతో ఆడినప్పుడు వాళ్ల అసలు బలం బయటపడింది. 11 ఓటములు చెప్పింది ఆ పిల్లల సత్తా గురించి కాదు, కాలేజీల మధ్య ఉన్న డబ్బు తేడా గురించి.

రెండు గెలుపులు, ఇరవై రెండు ఓటములు

నాలుగో ప్రశ్న, లోపల ఏదైనా మారుతోందా అన్నది. దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ కాలిఫోర్నియాలోది. పొమోనా, పిట్జర్ అనే రెండు చిన్న కాలేజీలు కలిసి ఒకే జట్టుగా ఆడతాయి. 1979లో ఆ జట్టుకు గ్రెగ్ పోపోవిచ్ అనే యువకుడు కోచ్‌గా వచ్చాడు. ఆ మొదటి ఏడు 24 ఆటల్లో రెండే గెలిచారు. అంతేకాదు, కాన్ఫరెన్స్‌లో వరుసగా 99 ఆటలు ఓడిపోయి ఉన్న కాల్‌టెక్ చేతిలో కూడా ఓడిపోయారు. అందరికంటే వెనక ఉన్నవాడి చేతిలో ఓడటం ఎలా ఉంటుందో పోపోవిచ్‌కు మొదటి ఏడే తెలిసింది.

ఆ కోచ్‌ని ఎవరూ పంపించలేదు. ఆయన ఆ కాలేజీలో పాఠాలు కూడా చెప్పాడు. కొంతకాలం భార్యాపిల్లలతో కలిసి విద్యార్థుల హాస్టల్లోనే కాపురం ఉన్నాడు. ఈ సంగతి చదివినప్పుడు నాకు మన వార్డెన్ గారు గుర్తొచ్చారు. 1985-86 సీజన్‌లో ఆ జట్టు కాన్ఫరెన్స్ విజేత అయింది. 68 ఏళ్లలో అదే మొదటిసారి. అంటే రెండు గెలుపుల ఏడు నుంచి టైటిల్ వరకు ఏడు సీజన్లు పట్టింది. పోపోవిచ్ తర్వాత శాన్ ఆంటోనియో స్పర్స్ జట్టుకు కోచ్‌గా ఐదుసార్లు ఎన్.బి.ఎ. ఛాంపియన్‌షిప్ సాధించాడు. 2025లో ఆ బాధ్యత నుంచి తప్పుకునేనాటికి ఎన్.బి.ఎ. చరిత్రలో ఆయనకంటే ఎక్కువ ఆటలు గెలిపించిన కోచ్ లేడు. 1979 డిసెంబరులో అభిమానుల తీర్పే అమలై ఉంటే ఇదంతా ఎక్కడ ఉండేది?

ఇక కాల్‌టెక్ సంగతి. అది నోబెల్ బహుమతి గ్రహీతలు పాఠాలు చెప్పిన కాలేజీ. డిగ్రీ విద్యార్థులు దాదాపు వెయ్యి మందే ఉంటారు. 1985 నుంచి 2011 వరకు ఆ జట్టు తన కాన్ఫరెన్స్‌లో వరుసగా 310 ఆటలు ఓడిపోయింది. 26 ఏళ్లు! ఎన్నో బ్యాచ్‌ల పిల్లలు చేరి, ఆడి, ఒక్క కాన్ఫరెన్స్ గెలుపు కూడా చూడకుండా పట్టా పుచ్చుకుని వెళ్లిపోయారు. 2011 ఫిబ్రవరి 22న, ఆ సీజన్ చివరి ఆటలో, ఆక్సిడెంటల్ కాలేజీ మీద 46 - 45తో గెలిచారు. 3.3 సెకన్లు మిగిలి ఉండగా ఫైనలియర్ కుర్రవాడు రయాన్ ఎల్మ్‌క్విస్ట్ వేసిన ఒక్క ఫ్రీ త్రో తేడా.

అది అనుకోకుండా దక్కిన గెలుపు అనుకుంటే పొరపాటు. అంతకు నాలుగేళ్ల ముందు, 2007 జనవరిలో, కాన్ఫరెన్స్ బయట బార్డ్ కాలేజీని 81 - 52తో ఓడించి మూడో డివిజన్ జట్ల మీద వరుసగా 207 ఓటముల గొలుసు తెంపారు. అంతకుముందు యాభై పాయింట్ల తేడాతో ఓడిన రోజులుండేవి. ఆ తేడా ముప్పైకి, ఇరవైకి తగ్గుతూ వచ్చినప్పుడు పట్టికలో ఏమీ మారలేదు. యాభైతో ఓడినా ఓటమే, ఒక్క పాయింటుతో ఓడినా ఓటమే. జిమ్‌లో కూర్చుని చూసినవాళ్లకు మాత్రమే ఆ మార్పు కనబడుతుంది. అభిమాని అవసరం అక్కడే. గెలుపును చూడటానికి పేపరు చాలు. మార్పును చూడటానికి మనిషి అక్కడ ఉండాలి.

పట్టిక రాసేవాళ్లెవరు?

ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ కథలోనే ఇంకో పాఠం ఉంది. 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, వై.ఎం.సి.ఎ. శిక్షణ పాఠశాలలో, రెండు పీచ్ పండ్ల బుట్టలు బాల్కనీకి కొట్టి, 13 నియమాలు రాసి ఈ ఆట మొదలుపెట్టాడు. తర్వాత కాన్సస్ యూనివర్సిటీలో కోచ్‌గా పనిచేశాడు. ఆయన జట్లు 55 గెలిచి 60 ఓడాయి. ఆ యూనివర్సిటీ పురుషుల జట్టు కోచ్‌లలో గెలుపులకంటే ఓటములు ఎక్కువున్నది ఒక్క ఆయనకే. ఆటను పుట్టించినవాడే పట్టికలో ఓడినవాడు!

ఆ నైస్మిత్ దగ్గర 1930లలో జాన్ మెక్‌లెండన్ అనే నల్లజాతి యువకుడు చదువుకున్నాడు. నల్లవాడు కాబట్టి కాన్సస్ జట్టులో ఆడనివ్వలేదు. అతను నార్త్ కరోలినాలో నల్లజాతి విద్యార్థుల కాలేజీకి కోచ్ అయ్యాడు. ఆ కాలేజీలను తెల్లవాళ్ల టోర్నమెంట్లకు రానిచ్చేవాళ్లు కాదు. 1944 మార్చి 12 ఆదివారం పొద్దున, ఊరంతా చర్చిలో ఉన్న వేళ, పక్కనే ఉన్న డ్యూక్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్ తెల్లవాళ్ల జట్టుతో తలుపులు మూసి ఒక ఆట ఆడారు. అప్పట్లో అది చట్టవిరుద్ధం. మెక్‌లెండన్ జట్టు 88 - 44తో గెలిచింది. ఆ గెలుపు ఏ పట్టికలోనూ ఎక్కలేదు. తర్వాత ఆయనే టెనెస్సీలో మరో నల్లజాతి కాలేజీకి కోచ్‌గా వెళ్లి 1957, 1958, 1959లలో వరుసగా మూడేళ్లు చిన్న కాలేజీల జాతీయ టైటిల్ గెలిపించాడు.

కాబట్టి పట్టికలో ఉన్నదే నిజం అనేవాళ్లను నేనడిగేది ఒక్కటే. పట్టిక రాసిందెవరు? అందులోకి ఎవరిని రానిచ్చారు? మన తాతముత్తాతలను బడి అరుగు కూడా ఎక్కనివ్వని రోజుల్లో ఆ బడి హాజరు పట్టీ చూసి, వీళ్లకు చదువు మీద ఆసక్తి లేదు అనుకుంటే ఎంత అన్యాయమో మనకు వేరే చెప్పాలా?

ఓపిక పార్టీ వాళ్లకు కూడా ఒక మాట

ఇంతవరకు చదివి "అయితే ఓడినా పర్వాలేదన్నమాట" అనుకోవద్దు. పర్వా ఉంది. ఫ్రీ త్రో వేసేటప్పుడు ఎదురుగా ఎవరూ అడ్డం ఉండరు. డబ్బు తేడా ఉండదు, షెడ్యూలు సాకు ఉండదు. పదిహేను అడుగుల దూరం, నువ్వు, బంతి. నవంబరులో సగం తప్పిన జట్టు ఫిబ్రవరిలో కూడా సగం తప్పితే అది బద్ధకమే. అప్పుడు అభిమాని కోపగించుకోవచ్చు, కోపగించుకోవాలి కూడా. గ్రిన్నెల్ కాలేజీ ఏళ్ల తరబడి ఓడిపోయాక 1989లో వచ్చిన కోచ్ డేవిడ్ ఆర్సెనో, ఓపిక పడదాం అంటూ కూర్చోలేదు. నిమిషం తిరగకుండా ఐదుగురినీ ఒకేసారి మార్చే కొత్త పద్ధతి తెచ్చాడు. దానివల్ల బెంచీ మీద కూర్చునే పిల్లలకు కూడా ఆట దొరికింది. ఓటమిని క్షమించడం వేరు, ఓటమి నుంచి పని నేర్చుకోవడం వేరు.

అంటే మంచి అభిమాని తిట్టేవాడూ కాదు, పొగిడేవాడూ కాదు, లెక్క పెట్టేవాడు. పోయిన వారం ఎన్ని బంతులు చేజార్చారు, ఈ వారం ఎన్ని? మొదటి ఏడాది కుర్రవాడు పోయిన నెల ఎంతసేపు ఆడాడు, ఇప్పుడెంత? వరుస ఓటముల తర్వాత ప్రాక్టీసుకు ఎంతమంది వచ్చారు? ఇవి తెలిసినవాడి మాటకు విలువ ఉంటుంది.

ఇక మన సంగతి

ఇప్పుడు మా రూము వాళ్ల ప్రశ్నకు జవాబు. ఓడిపోయే కాలేజీలతో నాకేం పని?

మా ఇంట్లో నాకంటే ముందు డిగ్రీ చదివినవాళ్లు లేరు. డిగ్రీలో చేరిన రెండు నెలలకు మొదటి ఇంటర్నల్స్ జరిగాయి. తెలుగు మీడియం నుంచి ఒక్కసారిగా ఇంగ్లీషు మీడియంలో పడ్డాను. ఇరవైకి ఒక పేపర్లో ఆరు, ఇంకో దానిలో ఐదు వచ్చాయి. ఇంటర్నల్ అంటే అసలు పరీక్ష కాదనీ, ఇంకా సెమిస్టర్ ఉందనీ, అది పోయినా మళ్లీ రాయవచ్చనీ నాకు చెప్పేవాళ్లు లేరు. నాతోపాటు మన హాస్టల్ నుంచి అదే ఏడు చేరినవాళ్లలో ఇద్దరు ఆ మార్కులు చూసుకుని, దసరా సెలవులకు ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు.

వాళ్లిద్దరిలో ఒకడు పదో తరగతిలో స్టడీ అవర్‌లో నాకు త్రికోణమితి నేర్పినవాడు. ట్రంకు పెట్టె మూత మీద చాక్‌పీసుతో బొమ్మలు గీసి చెప్పేవాడు. లెక్కల్లో నాకంటే వాడే గట్టివాడు. ఇప్పుడు టైల్స్ పని చేస్తున్నాడు. ఆ పని తక్కువదని నేను అనను, వాడు సంపాదించి చెల్లెలిని చదివిస్తున్నాడు. కానీ వాడు ఆట మానేసింది రెండో ఆట తర్వాత. ఆ రెండు ఆటలూ వాడు బయటి గ్రౌండులో, తెలియని భాషలో, ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకున్నవాళ్లతో ఆడాడు. నాణెం లెక్క వాడికి ఎవరూ చెప్పలేదు. నాకప్పటికి తెలియదు. తెలిసిన అన్నలు మన హాస్టల్ నుంచి వెళ్లినవాళ్లలో చాలామందే ఉన్నారు, వాళ్లకు ఈ విషయం తెలియదు. వాడు రానప్పుడు నేను కూడా ఫోన్ చేయలేదు. నా మార్కుల భయంలో నేనున్నాను. ఆ తప్పు నాది, ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

అన్నలారా, మీరు వార్షికోత్సవానికి వస్తారు. మార్కులు బాగా వచ్చిన తమ్ముళ్లకు శాలువా కప్పుతారు, పెన్నులు, డిక్షనరీలు ఇస్తారు. చాలా సంతోషం. కానీ అది ఫిబ్రవరిలో, టైటిల్ గెలిచాక జిమ్‌కు రావడం లాంటిది. అప్పుడు జిమ్ ఎలాగూ నిండుతుంది. మా కోరిక ఏమిటంటే, నవంబరులో కూడా రండి. హాస్టల్ పిల్లలకు మొదటి పరీక్షల మార్కులు వచ్చిన వారంలో రండి. కాలేజీకి వెళ్లిన పిల్లలకు మొదటి ఇంటర్నల్స్ అయిన వారంలో ఫోన్ చేయండి. డబ్బు అక్కరలేదు. "నాకు కూడా ఆరే వచ్చాయిరా, తర్వాత ఇలా చదివాను" అని ఒక్క మాట చెప్పండి. ఆ తర్వాత నెలకు మళ్లీ ఫోన్ చేసి, ఆరు ఎనిమిదయ్యాయా అని అడగండి.

తమ్ముళ్లూ, మీకు కూడా చెబుతున్నాను. మొదటి మార్కులు తక్కువ వస్తే అవి మీ తలరాత కాదు. అలాగని సాకు కూడా కాదు. ఎవరితో పోటీపడ్డారో, ఎక్కడి నుంచి వచ్చి పోటీపడ్డారో ముందు చూసుకోండి. ఆ తర్వాత మీ ఫ్రీ త్రో ఏదో వెతకండి. అంటే ఎవరూ అడ్డం లేని చోట, కేవలం అభ్యాసం చేయకపోవడం వల్ల పోగొట్టుకుంటున్న మార్కు ఏదో చూసుకోండి. దాన్ని రేపటి స్టడీ అవర్ నుంచి సరిచేసుకోండి. మిగతావి నెమ్మదిగా వస్తాయి.

ఈ ఏడు మన హాస్టల్ నుంచి కొత్తగా డిగ్రీలో చేరిన తమ్ముళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు వార్డెన్ గారి దగ్గర రాసుకున్నాను. మొత్తం పదకొండు మంది. మొదటి ఇంటర్నల్స్ అయ్యాక ఒక్కొక్కరికీ ఫోన్ చేయాలనుకుంటున్నాను. పదకొండు మంది నా ఒక్కడి వల్ల కాదు. వార్షికోత్సవం రోజు భోజనాల దగ్గర ఆ కాగితం నా జేబులోనే ఉంటుంది. మీలో ఎవరు ఎన్ని పేర్లు తీసుకుంటారో వచ్చి చెప్పండి.

- ఒక పూర్వ విద్యార్థి, పి.జి. రెండో సంవత్సరం